పేరు రిజిస్టరులో... బిడ్డ వెనక బెంచీలో!

జూన్ నెలలో బడులు తెరిచే వేళ ప్రతి ఊళ్లోనూ, ప్రతి మొహల్లాలోనూ కొందరు తల్లిదండ్రులు బిడ్డ చేయి పట్టుకుని బడి మెట్లెక్కుతారు. కాసేపటికి అదే చేయి పట్టుకుని దిగి వస్తారు. ఆ బిడ్డకు సరిగా వినపడదు. లేదా చూపు ఆనదు. లేదా నడక రాదు. లేదా వయసుకు తగిన ఎదుగుదల లేదని డాక్టరు చెప్పి ఉంటారు. హెడ్మాస్టరుగారు కసరుకోరు, కోప్పడరు. "ఇలాంటి పిల్లలకు చెప్పే టీచర్లు మా దగ్గర లేరమ్మా, చేర్చుకుని ఏం చేయమంటారు?" అని మాత్రం అంటారు. తల్లికి మారుమాట తోచదు.

ఈ ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి. చేర్చుకోననడం తప్పు. అందుకు చట్టం ఒప్పుకోదు. చెప్పేవారు లేరనడం మాత్రం చాలాచోట్ల నిజం. మొదటి సంగతి గురించి నిలదీయడం మనకు కాస్తో కూస్తో అలవాటైంది. రెండో సంగతి గురించి అడగడం ఇంకా అలవాటు కాలేదు. అందుకే ఎవరో పెద్దమనిషి చేత చెప్పించి, నాలుగుసార్లు తిరిగి సీటు సంపాదించిన తరువాత కూడా బిడ్డకు చదువు రావడం లేదు. పేరు రిజిస్టరులో ఉంటుంది. బిడ్డ వెనక బెంచీలో ఉంటాడు. మధ్యాహ్న భోజనం దొరుకుతుంది, పాఠం దొరకదు. ఏడాది చివర పై తరగతికి పంపుతారు. ఐదో తరగతికి వచ్చినా తన పేరు తాను రాయలేడు. అప్పుడు తండ్రి నిట్టూర్చి, "వాడి నసీబు అంతే" అంటాడు.

అది నసీబు కాదు. బడిలో జరగవలసిన పని జరగకపోవడం. ఏ పని జరగాలో, దాన్ని ఎవరు చేయాలో, ఎవరిని అడగాలో తెలుసుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం.

చట్టాలకు కొదవ లేదు

వికలాంగ బాలలను మామూలు బడులలోనే చదివించాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం ఇందుకోసం 1974లోనే ఒక పథకం పెట్టింది. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం 18 ఏళ్ల వరకు ఉచిత విద్య ఇవ్వాలని చెప్పింది. 2009 నాటి విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించి వికలాంగ బాలలను అందులో స్పష్టంగా చేర్చారు. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యం ఉంటే ఇంటి వద్దనే చదువు చెప్పించుకునే హక్కు కూడా ఆ సవరణతో వచ్చింది.

వీటన్నిటికన్నా గట్టిది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. ఇది 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. పాత చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. చదవడం, రాయడంలో మాత్రమే ఇబ్బంది పడే పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, తలసీమియా, హీమోఫీలియా వంటి రక్త వ్యాధులున్న పిల్లలు కూడా ఇందులోకి వచ్చారు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. బడి భవనం ఆ పిల్లలు తిరగడానికి వీలుగా ఉండాలని, బ్రెయిలీ, సైగల భాష తెలిసిన టీచర్లను తయారుచేసి నియమించాలని, పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు ఉండాలని ఆ చట్టం చెబుతోంది.

కాగితం మీద ఇంత ఉంది. మరి ఊళ్లో ఎంత ఉంది? 2011 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లోనే వారి సంఖ్య 22 లక్షలు దాటింది. దేశంలో 5 నుంచి 19 ఏళ్ల వయసున్న వికలాంగ బాలలలో నూటికి 61 మంది మాత్రమే చదువుకుంటున్నట్టు ఆ లెక్కలు చూపాయి. 12 మంది కొంతకాలం వెళ్లి మానేశారు. 27 మంది బడి ముఖమే చూడలేదు. ఆ 12 మంది సంగతి ఒక్కసారి ఆలోచించండి. వారిని బడికి పంపని తప్పు తల్లిదండ్రులది కాదు. పంపారు. బడే నిలుపుకోలేకపోయింది.

టీచరుకు తెలియకపోతే ఏమవుతుంది?

శిక్షణ అనగానే అదేదో పెద్ద డాక్టరు చదువు అనుకుంటారు. తరగతి టీచరుకు కావలసింది చాలా వరకు చిన్న చిన్న విషయాలే. అవి తెలియకపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం చిన్నది కాదు.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లను తీసుకోండి. యంత్రం పెట్టగానే మనలాగా వినపడుతుందని టీచరు అనుకుంటారు. అది టీచరు గొంతుతో పాటు ఫ్యాను చప్పుడునూ, బెంచీల చప్పుడునూ, పక్క గది కేకలనూ కూడా పెంచుతుంది. ఆ పిల్ల సగం చెవులతో, సగం కళ్లతో వింటుంది. టీచరు పెదవుల కదలిక చూస్తూ మాట పోల్చుకుంటుంది. టీచరు నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ పాఠం చెబితే ఆ పిల్లకు పాఠం ఆగిపోయినట్టే. ముందు వరుసలో ఒక పక్కగా కూర్చోబెట్టడం, రాసిన తరువాత ఇటు తిరిగి మాట్లాడడం, వెనకనుంచి ఎవరైనా జవాబు చెబితే దాన్ని మరోసారి చెప్పడం అలవాటు చేసుకుంటే చాలు. వీటికి పైసా ఖర్చు లేదు.

చూపు మందగించిన పిల్లవాడు పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతాడు. "కళ్లు పాడవుతాయి, దూరం పెట్టు" అని కసురుతారు. దగ్గర పెట్టుకుంటేనే వాడికి అక్షరం కనపడుతుంది. ఉర్దూ చదివే పిల్లవాడికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. బే, పే, తే, సే అక్షరాల ఆకారం ఒక్కటే. కింద ఒక చుక్కా, మూడు చుక్కలా, పైన రెండా, మూడా అన్నదే తేడా. ఆ చుక్కలు కనపడని పిల్లవాడిని మొద్దు అంటే న్యాయమా? లావు అక్షరాలతో రాసి ఇవ్వడం, వెలుతురు వాడి వెనకనుంచి పుస్తకం మీద పడేలా కూర్చోబెట్టడం తెలిస్తే సగం సమస్య తీరుతుంది. పూర్తిగా చూపు లేని పిల్లలకు బ్రెయిలీ ఉంది. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా పనికివచ్చే భారతి బ్రెయిలీని 1951లోనే ఆమోదించారు. తెలుగుకూ, ఉర్దూకూ కూడా బ్రెయిలీ ఉంది. కుడినుంచి ఎడమకు రాసే ఉర్దూ, అరబీ భాషలను కూడా బ్రెయిలీలో ఎడమనుంచి కుడికే చదువుతారు. కాబట్టి బ్రెయిలీలో చేయి ఆడిన పిల్లవాడికి తెలుగు, ఉర్దూ, అరబీ మూడూ ఒకే వైపు నడుస్తాయి. ఈ సంగతి మన మక్తబ్ ఉస్తాదులలో ఎందరికి తెలుసు?

సెరిబ్రల్ పాల్సీ అనే జబ్బు వల్ల కండరాలు బిగుసుకుపోయిన పిల్లలుంటారు. చేయి వంకర పోతుంది, మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది. చూసినవారు బుద్ధి కూడా లేదనుకుంటారు. వీరిలో చాలామందికి బుద్ధి మామూలుగానే ఉంటుంది. చేయి రాయలేకపోతే నోటితో చెప్పించాలి. నోరు పలకలేకపోతే బొమ్మ మీదో, అక్షరం మీదో వేలు పెట్టించాలి. కాళ్లు నేలకు ఆనే కుర్చీ ఉంటే నడుము నిలుస్తుంది, చేయి కూడా కుదురుతుంది.

ఇక చదువులోనే వెనకబడే పిల్లలు. నోటితో అడిగితే ఠకఠక చెబుతారు. కాగితం ముందు పెడితే 'వ'కు 'ప' రాస్తారు, 'ద'కు 'ధ' రాస్తారు, వత్తులు వదిలేస్తారు, లెక్కలో అంకెలు తారుమారు చేస్తారు. ఒళ్లు బద్ధకమని కొడతారు. చదువు సంబంధమైన ఈ ప్రత్యేక లోపం కూడా వైకల్యమేనని 2016 చట్టం ఒప్పుకుంది. దాన్ని తొందరగా గుర్తించడం బడి బాధ్యత అని కూడా చెప్పింది. కాని ఆ పిల్లవాడిని రోజూ చూసే టీచరు గుర్తించకపోతే ఇంకెవరు గుర్తిస్తారు? పిల్లలలో లోపాలను బడిలోనే గమనించడానికి వీలుగా ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో 'ప్రశస్త్' అనే యాప్ ను విడుదల చేసింది. యాప్ ఫోనులో ఉంటే చాలదు, దాన్ని ఎప్పుడు తెరవాలో తెలిసిన మనిషి కావాలి.

తరగతిలో పిల్లవాడికి మూర్ఛ వచ్చిందనుకోండి. చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. పళ్ల మధ్య చెంచా పెట్టేవారు ఉన్నారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా ఉంచాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంతే నేర్పవలసింది. ఇది తెలియని బడిలో మూర్ఛ వచ్చిన పిల్లవాడిని మరునాటినుంచి "ఇంట్లోనే ఉంచుకోండి" అంటారు.

శిక్షణ ఇస్తున్నారు... ఎలా?

ప్రభుత్వం శిక్షణ ఇవ్వడం లేదని అనలేం. బి.ఇడి. చదువు రెండేళ్లయిన నాటినుంచి అందరినీ కలుపుకుపోయే బడి గురించి ఒక పాఠ్యాంశం ఉంది. 2019లో మొదలైన 'నిష్ఠ' శిక్షణలో కూడా ఈ విషయం ఉంది. కాని పాఠం వినడం వేరు, పని రావడం వేరు. ఈత గురించి ఉపన్యాసం విన్నవాడు నీళ్లలో దిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతోంది. హాలులో వందమందిని కూర్చోబెట్టి తెరమీద బొమ్మలు చూపి పంపితే, సోమవారం నాడు తరగతిలో ఆ పిల్లవాడు ఎదురుగా ఉన్నప్పుడు టీచరుకు ఏమీ గుర్తురాదు.

కావలసిన శిక్షణ ఇలా ఉండాలి. టీచరు తన తరగతిలోని తన పిల్లవాడితోనే పని నేర్చుకోవాలి. ప్రత్యేక శిక్షణ ఉన్న టీచరు పక్కన కూర్చుని చూపించాలి. నెల తరువాత మళ్లీ వచ్చి ఏం జరిగిందో చూడాలి. టీచరుకు ఒక్కరికే నేర్పితే కూడా చాలదు. హెడ్మాస్టరు, ఆయా, వంట మనిషి, బడి బస్సు డ్రైవరు, వాచ్ మన్ అందరూ ఆ పిల్లలతో రోజూ వ్యవహరించేవారే. బాత్రూముకు తీసుకువెళ్లే ఆయమ్మకు చేయి ఎక్కడ పట్టుకోవాలో తెలియకపోతే బిడ్డ నీళ్లు తాగడమే మానేస్తుంది. బస్సు డ్రైవరుకు ఓపిక లేకపోతే ఆ బిడ్డ చదువు బస్సు మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ప్రత్యేక టీచర్ల విషయానికి వద్దాం. వీరికి డి.ఇడి., బి.ఇడి. ప్రత్యేక విద్యలో పట్టా ఉండాలి. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదై ఉండాలి. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో లెక్క చెప్పింది. ప్రాథమిక తరగతులలో 10 మంది వికలాంగ బాలలకు ఒకరు, పై తరగతులలో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచరు ఉండాలని అన్నది. మామూలు టీచర్లందరికీ కూడా ఈ పిల్లలతో పనిచేయడంలో శిక్షణ తప్పనిసరి అని చెప్పింది. రాష్ట్రాలు కదలకపోవడంతో 2025 మార్చిలో మళ్లీ కల్పించుకుని పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని ఆదేశించింది. తెలంగాణ 2024 డి.ఎస్.సి.లో స్కూల్ అసిస్టెంట్లుగా 220, ఎస్.జి.టి.లుగా 796 ప్రత్యేక విద్య పోస్టులు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ఇది సంతోషించవలసిన విషయమే. పోస్టులు పుట్టినంత మాత్రాన సరిపోదు. ప్రతి మండలంలో ఆ పోస్టులో మనిషి ఉన్నాడా, ఉన్న మనిషిని ప్రత్యేక పనికి కాకుండా లెక్కలు రాయడానికీ, సర్వేలు చేయడానికీ తిప్పుతున్నారా అని చూడవలసింది మనమే.

రెండు రాష్ట్రాలలోనూ మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. చదువు చెప్పడం, ఫిజియోథెరపీ చేయించడం, బడికి రాలేని పిల్లల ఇంటికి వెళ్లడం వాటి పని. అందులో పనిచేసే రిసోర్సు టీచర్లు చాలా ఏళ్లు కాంట్రాక్టు మీద, తక్కువ జీతాలతో నెట్టుకొచ్చారు. ఒక్కరే ఎన్నో బడులు తిరగవలసి వస్తే ఏ పిల్లవాడి దగ్గర నిలబడతారు? ఫిజియోథెరపీ వారానికి ఒకరోజు జరిగితే మిగిలిన ఆరు రోజులు తల్లే చేయించాలి. కాబట్టి తల్లికి నేర్పడం కూడా శిక్షణలో భాగమే.

యంత్రం ఇచ్చి మరిచిపోతే

సేవల గురించి ఒక మాట. శిబిరాలు పెట్టి మూడు చక్రాల బళ్లు, కాలిపర్లు, వినికిడి యంత్రాలు పంచుతారు. ఫోటోలు పేపరులో వస్తాయి. పిల్లలు ఎదుగుతారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. రెండేళ్ల నాటి కాలిపర్ ఇవాళ కాలికి పట్టదు. చెవి పెరిగితే యంత్రం అచ్చు వదులై కూత పెడుతుంది. బ్యాటరీ అయిపోతే ఊళ్లో దొరకదు. అలా అటకెక్కిన యంత్రాలెన్నో!

కాక్లియర్ ఇంప్లాంట్ సంగతీ అంతే. ఆరోగ్యశ్రీ కింద ఎందరో పేద పిల్లలకు లక్షల ఖర్చయ్యే ఈ ఆపరేషన్ ఉచితంగా జరిగింది. కాని ఆపరేషన్ తో శబ్దం మాత్రమే వస్తుంది, మాట రాదు. ఆ శబ్దానికి అర్థం నేర్పడానికి నెలల తరబడి స్పీచ్ థెరపీ కావాలి. ఆ తరువాత బడిలో టీచరు దాన్ని కొనసాగించాలి. అది జరగకపోతే లక్షల యంత్రం చెవి వెనక ఆభరణంగా మిగులుతుంది.

సమగ్ర శిక్ష పథకంలో వికలాంగ బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు స్టైపెండు ఇస్తారు. తోడు వచ్చేవారికి, ప్రయాణానికి భత్యాలున్నాయి. ఈ సంగతి తెలియని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆడపిల్లల విషయంలో మరో ఇబ్బంది ఉంది. వారికి వీలైన బాత్రూము, నమ్మకమైన ఆయా లేకపోతే పన్నెండేళ్లు రాగానే తల్లి బడి మాన్పించేస్తుంది. ఆ తల్లిని తప్పుపట్టే ముందు ఆ బడి బాత్రూము చూసి రావాలి.

ఇంటి భాష, బడి భాష

మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంట్లో ఉర్దూ గాని దక్కనీ గాని మాట్లాడతాం. వీధిలో తెలుగు, బడిలో తెలుగో ఇంగ్లీషో. మామూలు పిల్లలు ఈ మూడింటినీ ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు. వినికిడి లోపం గాని, మాట ఆలస్యం గాని ఉన్న పిల్లకు ఇది కొండంత బరువు. పరీక్ష చేసేవారు తెలుగులో అడిగితే దక్కనీ తెలిసిన పిల్ల నోరు మెదపదు. బుద్ధిమాంద్యం అని రాసేస్తారు. సర్టిఫికెట్టు మీద పడిన ఆ మాట జీవితాంతం వెంటాడుతుంది. కాబట్టి బిడ్డను పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ముందే చెప్పాలి. ఆ భాషలోనే అడగమని కోరాలి. రెండో, మూడో భాష మినహాయింపు అవసరమైతే దాన్ని పదో తరగతి దాకా ఆగకుండా ముందునుంచే అడగాలి.

మన బడుల మాటేమిటి?

ఇంతవరకు ప్రభుత్వాన్ని గురించి చెప్పుకున్నాం. ఇక మన ఇల్లు చక్కబెట్టుకునే సంగతి. మన అంజుమన్లు, సొసైటీలు, ట్రస్టులు నడిపే బడులు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి ర్యాంపు ఉంది? ఎన్నింటిలో ప్రత్యేక టీచరు ఉన్నారు? అడిగితే కొందరు యాజమాన్యాలవారు చెప్పే జవాబు ఒక్కటే: "మాది మైనారిటీ సంస్థ, విద్యాహక్కు చట్టం మాకు వర్తించదు."

విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాట నిజం. ఆ తీర్పుపై 2025లో అదే కోర్టులో సందేహాలు వచ్చిన మాటా నిజం. కాని ఇక్కడ ప్రశ్న ఆ చట్టం గురించి కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వేరు. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలతో పాటు కేవలం గుర్తింపు పొందిన సంస్థలను కూడా అది లెక్కలోకి తీసుకుంది. మైనారిటీ బడులకు మినహాయింపు అని అందులో ఎక్కడా రాయలేదు. ఒక చట్టంనుంచి దొరికిన వెసులుబాటును అడ్డుపెట్టుకుని మరో చట్టం ఇచ్చిన హక్కును కాదనడం తగదు. మైనారిటీ హక్కు మన పిల్లలను చదివించుకోవడానికి వచ్చిన హక్కు. మన పిల్లలలోనే బలహీనులను గేటు బయట ఉంచడానికి కాదు.

మక్తబులు, మదరసాలకు చట్టం సంగతి అటుంచినా, మనకు తెలిసిన గాథ ఒకటి ఉంది. అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవడానికి వచ్చిన వేళ దైవప్రవక్త (స) ఖురైషు పెద్దలతో మాట్లాడుతున్నారు. వచ్చిన అంధుని వైపు చూడనందుకు వచ్చిన హెచ్చరికే 'అబస' సూరా ఆరంభమని మనకందరికీ తెలుసు. అదే అంధుడు తరువాత మదీనా మస్జిదులో అజాన్ ఇచ్చారు. ప్రవక్త (స) ఊరిలో లేనప్పుడు మదీనా బాధ్యతలు కూడా చూశారు. నేర్చుకోవడానికి వచ్చినవాడిని చూపు లేదని పక్కన పెట్టకూడదని ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెప్పాలి? అయినా చూపు లేని పిల్లవాడికి కంఠస్థం చేయించే ఉస్తాదులు అక్కడక్కడా కనపడతారు గాని, వినపడని పిల్లకు, ఎదుగుదల లేని పిల్లవాడికి ఏ మక్తబులోనూ చోటు లేదు.

తెలంగాణలో 2016 నుంచి తెరిచిన మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అవి ప్రభుత్వమే నడిపే సంస్థలు. ప్రతి గురుకులంలో ఒక ప్రత్యేక టీచరు, కింది అంతస్తులో ఒక గది, అనువైన బాత్రూము ఉండాలని అడగడం మన హక్కు. ఇంతవరకు మన ప్రతినిధులు ఇచ్చిన వినతిపత్రాలలో ఈ అంశం ఎన్నిసార్లు కనపడింది?

చేయదగిన పనులు

నిట్టూర్పుల వల్ల ప్రయోజనం లేదు. తల్లిదండ్రులు చేయదగినవి కొన్ని ఉన్నాయి. బిడ్డలో లోపం అనుమానం రాగానే దాచిపెట్టకుండా చూపించాలి. ఐదేళ్లలోపు దొరికిన సహాయం ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా దొరకదు. వైకల్య సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. బడిలో దరఖాస్తు ఎప్పుడూ నోటిమాటగా కాక కాగితం మీద ఇవ్వాలి. చేర్చుకోమంటే కారణం రాసి ఇమ్మనాలి. వికలాంగ బాలల చేరికలు, బడిలో వారి సౌకర్యాల కోసం జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఒక నోడల్ అధికారి ఉండాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. ఆయనను కలవాలి. అక్కడా పని కాకపోతే వికలాంగుల హక్కుల రాష్ట్ర కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. సీటు వచ్చిన తరువాత కూడా ఊరుకోకూడదు. "మా బిడ్డకు ఈ మూడు నెలల్లో ఏం నేర్పుతారు? ఎవరు నేర్పుతారు?" అని అడగాలి. బడి కమిటీలో సభ్యులైన తల్లులు ఈ మాట సమావేశంలో ఎత్తాలి, మినిట్సులో రాయించాలి.

సముదాయం చేయదగినవీ ఉన్నాయి. మన ఆడపిల్లలెందరో డిగ్రీ చదివి ఇంట్లో ఉంటున్నారు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారు. ప్రత్యేక విద్యలో పట్టా పొందితే వారికి గౌరవమైన ఉద్యోగం, మన పిల్లలకు ఇంటి భాష తెలిసిన టీచరు, రెండూ దొరుకుతాయి. ఇందుకోసం దూరం పోనక్కర్లేదు. బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్ నగర్ లోనే ఉంది. అక్కడ టీచర్లకు ప్రత్యేక కోర్సులున్నాయి. వినికిడి లోపం ఉన్నవారి కోసం 1983లో బొంబాయిలో ఏర్పడిన జాతీయ సంస్థకు ఉస్మానియాకు, అలీగఢ్ కు వైస్ ఛాన్సలరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్ లోనే ఉంది. ప్రతి అంజుమన్ ఏడాదికి ఇద్దరమ్మాయిల ఫీజు భరిస్తే ఐదేళ్లలో పదిమంది టీచర్లు తయారవుతారు. ఒక షాదీఖానాకు రంగులు వేయించే ఖర్చుకు మించదు.

మన బడుల యాజమాన్యాలకు ఒక విజ్ఞప్తి. అన్నీ ఒకేసారి చేయలేరు, నిజమే. ఈ ఏడాది ఒక టీచరును ప్రత్యేక శిక్షణకు పంపండి. ఒక మెట్టు స్థానంలో ఒక ర్యాంపు కట్టండి. నలుగురు పిల్లలను చేర్చుకోండి. ఆ తరువాత ప్రభుత్వం ముందు నిలబడి అడిగే నోరు మనకు వస్తుంది.

ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా స్పష్టంగా అడగాలి. మంజూరైన ప్రత్యేక టీచరు పోస్టులు ఖాళీ ఉండకూడదు. ఉర్దూ మాధ్యమం బడులకు ఉర్దూ వచ్చిన ప్రత్యేక టీచరును ఇవ్వాలి. టీచర్ల శిక్షణ హాలులో కాక తరగతిలో జరగాలి. ఆయా, డ్రైవరు దాకా అందరికీ ఇవ్వాలి. పంచిన ప్రతి యంత్రాన్నీ ఏడాదికోసారి సరిచూడాలి. పరీక్ష చేసేచోట బిడ్డ ఇంటి భాష తెలిసినవారు ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. చాలా వరకు చట్టంలో రాసి ఉన్నవే.

వచ్చే జూన్ లో మళ్లీ ఆ తల్లి బడి మెట్లెక్కుతుంది. "టీచర్లు లేరమ్మా" అన్న మాట వినపడితే, "అయితే ఎప్పుడు వస్తారు? ఎవరిని పంపమని రాశారు? ఆ కాగితం చూపండి" అని ఆమె అడగగలగాలి. ఆమె ఒక్కతే అడిగితే ఓపికగా విని పంపేస్తారు. ఆమె వెనక మొహల్లా నిలబడితే ఆ కాగితం కదులుతుంది.